హేవలాక్ వంతెన, మా నాన్న రంగు డబ్బా

2022 కార్తీకంలో మొదటి సోమవారం నాడు రాజమండ్రి పుష్కర ఘాట్‌లో స్నానం ముగించుకొని, మెట్ల మీద కూర్చొని తల తుడుచుకుంటున్నాను. నీళ్ళలో అరటి దొప్పల దీపాలు కదులుతున్నాయి. నాకు కాస్త కింద కూర్చున్న కుర్రవాళ్ళు ఒకే ఫోను మీదకు వంగి, ముందురోజు సాయంత్రం గుజరాత్‌లోని మోర్బీలో మచ్ఛూ నది మీద తీగల వంతెన తెగి జనం నీళ్ళలో పడిపోయిన దృశ్యాన్ని మళ్ళీ మళ్ళీ చూస్తున్నారు. "మనవాళ్ళు మరమ్మతు చేసి తెరిచారు, నాలుగు రోజులు ఆగలేదు. అదిగో, బ్రిటిషోళ్ళు కట్టింది చూడు, వందేళ్ళు దాటినా చెక్కుచెదరలేదు" అని వాళ్ళలో ఒకడు గోదావరి మీది పాత రైలు వంతెన, హేవలాక్ వంతెన వైపు చెయ్యి చూపించాడు. పక్కన పూజ సామాను సర్దుకుంటున్న పెద్దావిడ "అంతా కమీషన్లు నాయనా, ఇసుకా తింటారు, ఇనుమూ తింటారు" అని తన మాట కూడా కలిపింది.

ఆ వారమంతా టీవీలోనూ, టీ కొట్ల దగ్గరా, రైలు పెట్టెల్లోనూ ఈ రెండు మాటలే వినిపించాయి. రెండోదానితో నాకు పెద్ద పేచీ లేదు. మొదటిది మాత్రం మింగుడుపడలేదు. మోర్బీ వంతెన కూడా పంతొమ్మిదో శతాబ్దంలో, ఆ సంస్థానాన్ని ఏలిన వాఘ్‌జీ ఠాకూర్ హయాంలో కట్టినదే. హేవలాక్ కంటే అది ఇరవై ఏళ్ళు పెద్దది. దాదాపు ఒకే తరానికి చెందిన రెండు వంతెనల్లో ఒకటి 135 మంది ప్రాణాలు తీసుకుంటే, రెండోది తన పని తాను ముగించుకొని ఇప్పటికీ నది మధ్యలో నిలబడి ఉంది. దీనికి కారణం కట్టినవాడి తెల్లతోలు కాదని ఆ కుర్రవాళ్ళకు చెప్పాలనిపించింది గానీ, ఘాట్ మెట్ల మీద రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదది. నేను ఆ వంతెన నీడన పెరిగాను. మా నాన్న దానికి రంగు వేసినవాడు.

* * *

మా నాన్న రైల్వేలో బ్రిడ్జి ఖలాసీ, అంటే వంతెనల పని చేసే కూలీ. మేము కొవ్వూరు వైపు క్వార్టర్లలో ఉండేవాళ్ళం. 1974లో రోడ్డు-రైలు వంతెన వచ్చేదాకా కొవ్వూరు వాళ్ళు రాజమండ్రి వెళ్ళాలంటే రైలెక్కాలి, లేదా రేవుకు వెళ్ళి లాంచీ ఎక్కాలి. బడికీ, ఆసుపత్రికీ, పెళ్ళి బట్టలకూ, కోర్టు వాయిదాలకూ అందరికీ అదే దారి. వంతెన పని 1897లో మొదలై 1900లో పూర్తయిందనీ, అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్ పేరు దానికి పెట్టారనీ, వాల్టన్ అనే ఇంజనీరు దాన్ని కట్టించాడనీ బళ్ళో మాష్టారు చెప్పేవారు. నది అడుగుకు దించిన బావుల మీద రాతి దిమ్మలు, దిమ్మల మీద ఇనుప గర్డర్లు, రెండు దిమ్మల నడిమి భాగాన్ని ఒక ఖానా అంటే మొత్తం 56 ఖానాలు, రెండున్నర కిలోమీటర్లకు పైగా పొడవు, ఒంటి లైను. నాన్నకు ఈ చరిత్రేమీ పట్టేది కాదు. ఆయనకు ప్రతి ఖానా నంబరుతో తెలుసు. ఇరవై రెండో నంబరు కింద సుడి ఎక్కువ, నలభై దగ్గర గాలి ఎక్కువ, ఫలానా నంబరులో పావురాలు గూళ్ళు పెట్టి రెట్టలతో ఇనుము తినేస్తున్నాయి అని, పొరుగిళ్ళ కబుర్లు చెప్పినట్టుగా రాత్రి భోజనాల దగ్గర చెప్పేవాడు.

ఎర్ర సీసపు పొడిని కాచిన అవిసె నూనెలో కలిపితే వచ్చే వాసన మా ఇంటి వాసన. నాన్న చొక్కాలన్నీ సింధూరం రంగుకు తిరిగిపోయి, ఎంత ఉతికినా వదిలేవి కావు. అమ్మ వాటిని మా బట్టలతో కలపకుండా విడిగా నానబెట్టేది. ఆయన సాయంత్రం ఇంటికి రాగానే చేతులకు కిరసనాయిలు రాసుకొని, ఆ తరువాత బూడిదతో రుద్దుకొని, అప్పుడు గానీ మమ్మల్ని ముట్టుకునేవాడు కాదు. ఆయనకు తరచూ వచ్చే కడుపునొప్పికి వాము, సోంపు, నాటు వైద్యం అన్నీ అయ్యాయి. సీసం ఒంట్లో చేరితే ఏం చేస్తుందో ఆ రోజుల్లో మా వీధిలో ఎవరికీ తెలియదు. చాలా ఏళ్ళ తరువాత, ఆ పొడి గురించి నేను చదువుకున్నప్పుడు, ఆ నొప్పి ఏమిటో నాకు అర్థమైంది.

వంతెనకు రంగు వేయడమంటే బ్రష్షు పట్టుకొని పూయడమని అందరూ అనుకుంటారు. అసలు పనంతా గీకడంలో ఉంది. పాత రంగునూ, దాని కింద పొరలుగా లేచిన తుప్పునూ చిన్న సుత్తితో చిట్లగొట్టి, వైరు బ్రష్షుతో తోమి, ఇనుము తన అసలు బూడిద రంగులో బయటపడేదాకా వదలకూడదు. గీకిన చోటును మేస్త్రి వచ్చి చూసేవాడు. రెండు పలకలు కలిసే మూలల్లోకి, కంటికి కనబడని సందుల్లోకి తన తుండుగుడ్డ కొస పెట్టి తిప్పి బయటికి లాగేవాడు. గుడ్డ మీద గోధుమరంగు మరక కనబడితే మారు మాట్లాడకుండా మళ్ళీ గీకమనేవాడు. అది తేలిన తరువాతే ఎర్ర సీసం పూత, అది ఆరాక దాని మీద ఇంకో పూత, చివర పైరంగు. దారిన పోయేవాళ్ళకు కనబడేది ఆ పైరంగు ఒక్కటే.

పొద్దున్నే బడికి వెళ్ళే ముందు నాన్నకు క్యారియర్ ఇచ్చి రావడం నా వంతు. చద్దన్నం, ఆవకాయ, ఉల్లిపాయ. వంతెన మొదట్లో వాచ్‌మన్ గది దగ్గర నిలబడి చూస్తే, దూరంగా గర్డర్లకు తాళ్ళతో వేలాడదీసిన పలక మీద మనుషులు చిన్నచిన్నగా కనబడేవారు. నడుముకు ఒక మోకు, కింద గోదావరి, అంతే రక్షణ. బండి వస్తోందని ఈల వినబడగానే అందరూ పని ఆపి దగ్గరి ఇనుమును కావలించుకునేవారు. బొగ్గు ఇంజను ఖానా మీదకు ఎక్కగానే మొదలైన మోత, ఒక ఖానా నుంచి ఇంకో ఖానాకు మారుతూ, మధ్యలో దిమ్మ మీదకు వచ్చినప్పుడు ఒక్క క్షణం బరువెక్కి, మళ్ళీ తేలికపడి, అవతలి ఒడ్డున గోదావరి స్టేషను చేరేదాకా వినబడేది. రాత్రి పడుకున్నప్పుడు ఆ మోతను బట్టే మా అమ్మ మెయిలు వెళ్ళిందో గూడ్సు వెళ్ళిందో చెప్పేది.

* * *

గోదావరి మీద బండి వెళ్తుంటే చిల్లర వేసి దణ్ణం పెట్టుకోవడం మనవాళ్ళకు ఆనవాయితీ. అందులో ఎన్నో నాణేలు నీళ్ళ దాకా చేరవని ప్రయాణికులకు తెలియదు. గర్డరు అడుగు పలక మీద, మట్టీ బొగ్గు నుసీ పేరుకున్న గూళ్ళలో అవి చిక్కుకొనేవి. కొన్ని పని చేసేవాళ్ళ నెత్తిన పడేవి కూడా. అణా బిళ్ళ తగిలి నుదుటి మీద బొప్పి కట్టిన ఖలాసీని "గోదారమ్మ ముద్దు పెట్టిందిరా" అని గ్యాంగంతా ఏడిపించేది. మట్టి పేరుకుంటే తేమ నిలుస్తుంది, తేమ నిలిస్తే తుప్పు పడుతుంది కనుక ఆ గూళ్ళను శుభ్రం చేయడం రంగుల గ్యాంగు పనుల్లో ముఖ్యమైనది. అలా దొరికిన చిల్లర మేస్త్రి దగ్గర పోగుపడి, వారం చివర అందరికీ టీలూ పకోడీలూ అయ్యేది. దేవుడి సొమ్ము తినడమేమిటని మా నాయనమ్మ మొదట్లో గొణిగింది. "ఆ తల్లిని దాటించే పనిలోనే ఉన్నాం కదమ్మా, కూలి ఇచ్చిందనుకో" అని నాన్న నవ్వేశాడు.

* * *

పాలిటెక్నిక్ చదివి నేనూ ఆ శాఖలోనే చేరాను. అప్పటికి హేవలాక్ పక్కన రోడ్డు-రైలు వంతెన వచ్చింది, మేము దక్షిణ రైల్వే నుంచి దక్షిణ మధ్య రైల్వేలోకి మారి కొన్నేళ్ళయింది, నాన్న రిటైరు కావడానికి దగ్గర్లో ఉన్నాడు. నా మొదటి ఇన్‌స్పెక్టరు గారు పొట్టిగా, ఎప్పుడూ వక్క నములుతూ ఉండే మనిషి. పేరు చెప్పడం ఆయనకు ఇష్టముండదు గనుక చెప్పను. మొదటి వారంలోనే నన్ను ఒక కాలవ వంతెన కిందికి దించి, ఇనుప పలకలను కలిపి బిగించే గుండ్రటి తలల మేకులు, రివిట్ల వరుస ముందు నిలబెట్టారు.

"ఎడమ చేతి వేలు తల అంచున పెట్టు. సగం తల మీద, సగం పలక మీద ఆనాలి. ఇప్పుడు అటు పక్కనుంచి సుత్తితో తట్టు. గట్టిగా కాదు."

తట్టాను.

"ఏమన్నా కదిలిందా?"

"లేదండీ."

"తరువాతది."

అలా వరుసంతా అయ్యేసరికి వేలి కొస తిమ్మిరెక్కింది. ఎక్కడో మధ్యలో ఒక రివిటు దగ్గర, కంటికి ఏమీ తేడా లేకపోయినా, వేలి కింద వెంట్రుకవాసి చలనం తెలిసింది. ఆయన సుద్దముక్కతో దాని చుట్టూ గుండ్రంగా గీసి, చిన్న నోటుబుక్కులో ఖానా, గర్డరు, వరుస అన్నీ రాసుకొని, ఆ తరువాత మాత్రమే నావైపు చూసి తల ఊపారు. వదులైన రివిటు చుట్టూ కొన్నాళ్ళకు సన్నని తుప్పు గీత దిగుతుందనీ, రంగు కొత్తగా వేసి ఉంటే ఆ గీత కూడా కనబడదనీ, అందుకే కొత్తరంగు మెరుస్తున్న వంతెనను చూసి మురిసిపోకూడదనీ ఆయనే చెప్పారు. వదులైన వాటిని కోసి తీసి, కొలిమిలో ఎర్రగా కాల్చిన కొత్త రివిటును పట్టకారుతో అందుకొని రంధ్రంలో దింపి, చల్లారేలోగా తలకట్టే గ్యాంగు చప్పుడు ఇప్పుడు ఎక్కడా వినబడదు. బోల్టులూ వెల్డింగూ వచ్చాక ఆ పని తెలిసిన చేతులు ఒక్కొక్కటిగా ఇంటికి వెళ్ళిపోయాయి.

బేరింగుల సంగతి ఇంకా చిత్రమైనది. ఎండకు ఇనుము సాగుతుంది కనుక గర్డరు ఒక కొసను కదలనివ్వాలి. అందుకోసం దిమ్మ మీద రోలర్లో, జారే పలకలో ఉంటాయి. మే నెలలో ఒకసారి ఆయన తెల్లవారుజామునే పలక అంచున పెన్సిలుతో సన్నని గీత గీయించి, మిట్టమధ్యాహ్నం మళ్ళీ తీసుకెళ్ళి చూపించారు. గీత పక్కకు జరిగి ఉంది. "కదిలింది కాబట్టి బాగుంది. కదలకపోతే ఆ తోపుడంతా దిమ్మ మీద పడి రాయి చిట్లుతుంది" అన్నారు. పాత గ్రీజు నల్లగా, ఇసుకతో కలిసి గట్టిపడి ఉంటే, కిరసనాయిలుతో కడిగి కొత్త గ్రీజు పట్టించడం గౌరవమైన పని అని ఎవరూ అనుకోరు. దానికి ప్రారంభోత్సవం ఉండదు, శిలాఫలకం ఉండదు. ఏ పత్రికలోనూ ఫోటో రాదు.

ఆ పనికి సాక్ష్యంగా మిగిలేది బ్రిడ్జి రిజిస్టరు ఒక్కటే. వానలకు ముందొకసారి, వానలు వెళ్ళాక ఇంకోసారి ప్రతి వంతెన దగ్గరికీ నడిచి వెళ్ళి, ఒక్కొక్క భాగం గురించి విడివిడిగా రాయాలి. ఏళ్ళ తరబడి ఒకే సిరాతో ఒకే వాక్యం నింపిన పేజీలు కనబడితే మా ఇన్‌స్పెక్టరు గారు ఇంకే ప్రశ్నా వేయకుండా చెప్పులు వేసుకొని ఆ వంతెన దగ్గరికి బయలుదేరేవారు.

* * *

నాన్న తరం వాళ్ళను ఇంత భయపెట్టి పని చేయించింది రెండు దుర్ఘటనలని నా నమ్మకం. 1954లో జనగామ దగ్గర, 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర, వరద నీటికి వంతెనలు కూలి రైళ్ళు వాగుల్లో పడ్డాయి. రెండు చోట్లా వంద మందికి పైగా పోయారు. ఆ ఏడాది నవంబరులోనే మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు దగ్గర మళ్ళీ అలాగే జరిగింది. మహబూబ్‌నగర్ తరువాత అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ వద్దన్నారు. అరియలూరు తరువాత ఇచ్చినదాన్ని ఆమోదించారు. మంత్రి రాజీనామా గురించి దేశమంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. మా క్వార్టర్ల అరుగుల మీద మాత్రం ఆ కథ వేరే రకంగా సాగేది. ఆ రాత్రి ఆ వాగు దగ్గర గస్తీ మనిషి ఎక్కడున్నాడు, నీళ్ళు ఎర్రగీత దాటాయని చెప్పడానికి అతనికి ఎంత వ్యవధి దొరికి ఉంటుంది, తానే ఉంటే ఏం చేసేవాడు అని ప్రతి గ్యాంగ్‌మనూ తనను తాను అందులో పెట్టుకొని మాట్లాడేవాడు.

వానాకాలపు గస్తీని చూడని ఈ తరానికి దాన్ని కాస్త వివరంగా చెప్పాలి. చీకటి పడ్డాక ఒక మనిషి భుజాన సంచీతో పట్టాల వెంట బయలుదేరతాడు. సంచీలో ఎరుపూ ఆకుపచ్చా చూపించే చేతిలాంతర్లు, అగ్గిపెట్టె, ఈల, పట్టా మీద బిగిస్తే ఇంజను చక్రం కింద పేలి డ్రైవరును హెచ్చరించే టపాకాయలు, ఒక గస్తీ పుస్తకం ఉంటాయి. తన హద్దు చివరికి చేరాక, అవతలి నుంచి వచ్చే మనిషితో ఆ పుస్తకం మార్చుకొని వెనక్కి తిరగాలి. పుస్తకం చేతులు మారిందంటే ఆ మధ్యలో ఉన్న కట్టనంతా ఎవరో ఒకరు కాలితో నడిచి చూసినట్టు. అవతలి మనిషి రాకపోతే అక్కడే కూర్చోకుండా, అతని హద్దులోకి కూడా నడుచుకుంటూ పోవాలి. మా పక్కింటి గస్తీ మామయ్య తెల్లవారి ఇంటికొచ్చి, నీళ్ళకు నానిన కాళ్ళను కుంపటి దగ్గర పెట్టుకొని వణుకుతుంటే, అత్తయ్య వేడి గంజి పోసేది. కట్టకు ఎగువన ఉన్న ఊరచెరువుల జాబితా ఒకటి ఉండేదనీ, వానలకు ముందు ఆ చెరువుగట్లను కూడా చూసి రావాలనీ నాకు మొదట తెలిసింది ఆయన నోటినుంచే.

2005 అక్టోబరు 29 తెల్లవారుజామున, రేపల్లె నుంచి సికింద్రాబాద్ వెళ్ళే డెల్టా ప్యాసింజరు, వరదకు చిన్న వంతెన కొట్టుకుపోయిన చోట, వలిగొండ దగ్గర పడిపోయింది. వంద మందికి పైగా చనిపోయారు. దీపావళికి ఇంకా మూడు రోజులుంది. చాలామంది నిద్రలోనే పోయారని విన్నాం. అప్పుడు నేను వేరే చోట ఉద్యోగంలో ఉన్నాను. ఆ పగలంతా మా ఆఫీసు ఫోను మోగుతూనే ఉంది, గుంటూరు జిల్లాలో చుట్టాలున్న వాళ్ళందరూ పేర్లు అడుగుతున్నారు. జనం కోపం ఎంత న్యాయమైనదో అప్పుడు దగ్గరగా చూశాను. "ఇన్ని వేల కోట్లు ఖర్చు పెడతారు, రాత్రి పూట వాగు చూసే మనిషి లేడా?" అని ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న, ఆ నెలలో నేను చదివిన సంపాదకీయాలన్నిటికంటే సూటిగా ఉంది. అదే సాయంత్రం ఢిల్లీ బజార్లలో బాంబులు పేలాయి. చీకటి పడేసరికి దేశపు కెమెరాలన్నీ అటు తిరిగిపోయాయి. వలిగొండ ప్రశ్న మన జిల్లా పేజీల్లో మిగిలింది.

* * *

1986 ఆగస్టు వరద మాట చెప్పకుండా గోదావరి వంతెన కథ పూర్తికాదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన నీరు అది; మూడో హెచ్చరిక ఎప్పుడో దాటిపోయి, కోనసీమలో లంకలకు లంకలు మునిగాయి. నన్ను ఆ రోజుల్లో గోదావరి దగ్గర పనికి వేశారు. దిమ్మ మీద గీసిన నీటిమట్టపు గుర్తులను టార్చిలైటు వేసి చూసి, ప్రతి గంటకూ కంట్రోలుకు ఫోను చేయడం, మళ్ళీ వెళ్ళి చూడడం. ఎర్రటి నీళ్ళలో గడ్డివాములు, తలుపులు, ఒక చెక్క ఉయ్యాల, కాళ్ళు పైకి తేలిన పశువులు వచ్చి దిమ్మలకు కొట్టుకొని తిరిగి పోతున్నాయి. నీటి హోరులో పక్క మనిషి మాట వినబడదు. అప్పటికి రిటైరై ఇంట్లో ఉన్న నాన్న, గొడుగు వేసుకొని వంతెన మొదటికి వచ్చి, ఎవరూ పిలవకపోయినా వాచ్‌మన్ పక్కన కూర్చున్నాడు. వరద తీశాక తాడుకు బరువు కట్టి ప్రతి దిమ్మ చుట్టూ లోతు కొలవడం, ఇసుక కోసుకుపోయిన చోట బండరాళ్ళు దింపించడం నెలల తరబడి సాగాయి. ఊళ్ళో జనానికి వరద ఒక వారం. వంతెన కింద పనిచేసేవాళ్ళకు అది సంక్రాంతి దాకా వెళ్ళలేదు.

* * *

మళ్ళీ మోర్బీకి వస్తాను. ఆ ఘటన తరువాత బయటపడిన వివరాల్లో నన్ను నిద్రపోనివ్వనిది తీగల సంగతి. ప్రధాన తీగలో ఉన్న 49 వైర్లలో 22 అంతకుముందే తుప్పుపట్టి ఉన్నాయని దర్యాప్తు బృందం తేల్చింది. మరమ్మతు పేరుతో నడకదారి చెక్కలు తీసేసి అల్యూమినియం పరిచారు గానీ, తీగలకు నూనె గానీ గ్రీజు గానీ పెట్టిన జాడ లేదని కోర్టులో చెప్పారు. పాత వేలాడే కడ్డీలకే కొత్తవి అతికించారు. కాళ్ళ కింద మెరిసేది కొత్తది, నెత్తి మీద మోసేది పాతది. పండగ సెలవుల ఆదివారం మూడు వేలకు పైగా టిక్కెట్లు అమ్మారు. ఆ మర్నాడు, ప్రధానమంత్రి వస్తున్నారని క్షతగాత్రులున్న ఆసుపత్రికి రాత్రికి రాత్రే రంగులు వేస్తున్న ఫోటోలు వచ్చాయి. దేశమంతా దాన్ని చూసి తిట్టింది. నేను మా మేస్త్రి తుండుగుడ్డ కొసను తలుచుకున్నాను.

జనం కోపంలో నాకు కనబడే చిక్కొకటి ఉంది. 2016 ఆగస్టులో మహారాష్ట్రలోని మహాడ్ దగ్గర సావిత్రి నది వరదకు రాతి వంతెన కూలి, రాత్రి చీకట్లో రెండు ఆర్టీసీ బస్సులు కొట్టుకుపోయినప్పుడు "ఇంకా బ్రిటిషు కాలపు వంతెనల మీదే బస్సులు నడుపుతారా?" అని అడిగినవాళ్ళే, మోర్బీ నాటికి బ్రిటిషు కాలపు పనితనం గురించి పాఠాలు చెప్పారు. 2025 జూలైలో వడోదర, ఆణంద్ జిల్లాల మధ్య మహీసాగర్ నది మీద గంభీరా వంతెన విరిగి ఇరవై మందికి పైగా చనిపోయినప్పుడు, విరిగిన అంచున ట్యాంకరు లారీ వేలాడుతున్న చిత్రం అందరి ఫోన్లలోనూ తిరిగింది. ఆ వంతెన 1985లో కట్టినది. నలభై ఏళ్ళు వంతెనకు ముసలితనం కాదు. అది ఊగుతోందని అక్కడి జనం ముందే మొరపెట్టుకున్నారని కూడా చదివాను. ఇలా వయసు ఒకచోట నేరమైంది, ఇంకోచోట ఘనతైంది, మూడోచోట లెక్కలోకే రాలేదు. మూడు చోట్లా అడగవలసిన ప్రశ్న ఒకటే: చివరిసారి దీన్ని వేలితో తాకి చూసిన మనిషి ఎవరు, అతను ఏం రాశాడు, రాసినది చదివి బండ్లు ఆపే అధికారం ఎవరికి ఉంది?

ఆ అధికారాన్ని వాడితే జనం మెచ్చుకుంటారనుకోకండి. హేవలాక్ చివరి ఏళ్ళలో దాని మీద బండ్లను వేగం తగ్గించి నడిపేవారు. కిటికీల దగ్గర కూర్చున్నవాళ్ళు విసుక్కుంటూ వాచీలు చూసుకోవడం, "ఇక్కడ దిగి నడిచినా ముందే చేరతాం" అని వెటకరించడం నేను అదే పెట్టెలో కూర్చొని విన్నాను. రోడ్డు-రైలు వంతెనను మరమ్మతుకు మూసిన ప్రతిసారీ అటూ ఇటూ ఊళ్ళు శాపనార్థాలు పెడతాయి. ఒకచోట, ఊరు చెప్పను, బీటలిచ్చిన కల్వర్టు మీద లారీలు వెళ్ళకుండా అడ్డంగా పెట్టిన దిమ్మలను రాత్రిపూట తీసి పక్కన పారేసింది ఆ ఊరివాళ్ళే. కూలిన తరువాత వచ్చే కోపంలో పదో వంతు ఓపిక, మూసినప్పుడు ఉంటే చాలునని నాబోటివాళ్ళం లోలోపల గొణుక్కుంటాం.

* * *

హేవలాక్ మీద రైళ్ళు 1997లో ఆగిపోయాయి. పక్కన విల్లులాంటి కమానులతో కొత్త రైలు వంతెన సిద్ధమైంది. నూరేళ్ళకు మూడేళ్ళ ముందు, ఒక్క బండీ నీళ్ళలో పడకుండా, ఏ సంతాప సందేశమూ అవసరం లేకుండా ఒక వంతెనను పక్కన పెట్టడం పత్రికల్లో పతాక శీర్షిక కాలేదు. నాన్నకు చెబితే "ఇంకా మోసేది" అన్నాడు. ఒక నిమిషం ఆగి, "మోయగలిగినప్పుడే దింపాలిలే" అన్నాడు. ఆ తరువాత రంగుల గ్యాంగును వేరే వంతెనలకు పంపేశారు. కొవ్వూరు వైపు ఆ వాచ్‌మన్ గది తలుపు ఊడిపోయి, లోపల తుమ్మచెట్టు మొలిచింది.

ఇప్పుడు ఆ వంతెనను పర్యాటక స్థలంగా మార్చబోతున్నారు. 2025 జూన్‌లో అఖండ గోదావరి పథకానికి శంకుస్థాపన కూడా జరిగింది. నాకు సంతోషమే. రైళ్ళను మోసిన గర్డర్లకు నడిచే మనుషుల బరువు పెద్ద లెక్క కాదు. కానీ దశాబ్దాల పాటు సీసపు పూత ఎరగని ఇనుము ఎంత పలచబడిందో ప్రతి ఖానాలోనూ కొలవాలి. రివిట్లు తట్టి చూడాలి. కొత్తగా బిగించే కటకటాలు పాత ఇనుములో ఏ చోట పట్టు దొరుకుతుందని బిగిస్తున్నారో తేలాలి. కార్తీక సోమవారం సాయంత్రం ఘాట్ అంతా ఒక్కసారిగా వంతెన మీదకు ఎక్కితే, ఎంతమందిని రానిచ్చి ఎప్పుడు గేటు మూయాలో ముందే నిర్ణయించాలి. మోర్బీలో టిక్కెట్లు చింపే మనిషి ఉన్నాడు, లెక్కపెట్టే మనిషి లేడు. కొలతలు ఎవరు ఎప్పుడు తీశారో, గేటు మూసే అధికారం ఏ ఉద్యోగి చేతిలో ఉందో ప్రవేశ ద్వారం దగ్గర బోర్డు మీద తెలుగులో రాసి పెడితే, టిక్కెట్టు కొనుక్కొని మొదట ఎక్కేవాళ్ళలో నేనూ ఉంటాను. ఇరవై రెండో నంబరు దగ్గర సుడి ఇంకా అలాగే ఉందో లేదో చూడాలి.